కొత్త బోటు చిన్నది, రేటు పెద్దది: కారణం చెప్తాను

సంక్రాంతి తర్వాత మా రేవులో విహారానికి తిప్పే బోటు ఎందుకు కనపడటం లేదని చాలామంది ఫోన్ చేసి అడిగారు. ఒకరికి "రిపేరండి" అన్నాను, ఇంకొకరికి "వరదండి" అన్నాను. రెండూ అబద్ధాలు కావు, అలాగని అసలు సంగతీ కాదు. వచ్చే శుక్రవారం నుంచి మళ్లీ తిప్పుతున్నాం కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ముందుగా ఒక మాట: కొత్త బోటులో ఇదివరకటిలా ఏడెనిమిది మందిని ఎక్కించను. బోటు నడిపే సరంగు కాకుండా నలుగురే. తలకి 250 కాదు, గంటకి బోటు మొత్తానికి 1,800. ఇది విని ఇక్కడే చదవడం ఆపేసేవాళ్లు ఆపేయొచ్చు, ఏమీ అనుకోను.

ఆరేళ్లు మా దగ్గర ఫైబర్ బోటు ఉండేది. అంతర్వేదికి కాస్త ఎగువన, గోదావరి పాయ వశిష్ఠలో మా రేవు ఎలాంటిదో వచ్చినవాళ్లకి తెలుసు. సగం చోట్ల ఇసుక మేటలు, ఒడ్డు పక్కన రాతికట్టు. పాటు దిగినప్పుడల్లా, అంటే నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీసినప్పుడల్లా, బోటు ఇసుక మీద కూర్చుంటుంది, పోటు వచ్చేదాకా రాయికి రుద్దుకుంటుంది. ఫైబర్‌కి అది పడదు. పైపూత ఒకసారి చిట్లిందంటే లోపల పొరలు నీళ్లు తాగుతాయి, ఏటికేడు బరువెక్కుతుంది. అల్యూమినియం అయితే సొట్ట పడుతుందేగానీ చీలదు, తేలిగ్గా ఉంటుంది, నలుగురు మనుషులు ఒడ్డుకి లాగేయొచ్చు. అందుకని కిందటి దసరాకి ఫైబర్ బోటు ఇచ్చేసి అల్యూమినియంలోకి దిగాను. ఆలోచన మంచిదే. కొన్న తీరే తలకిందులు.

బోటు కంటే ముందు ఇంజను కొన్నాను. సెకండ్ హ్యాండ్ 40 హెచ్‌పీ, 4 స్ట్రోక్, చవగ్గా వస్తోందన్నారు. తర్వాత దానికి సరిపోతుందని 14 అడుగుల రివిట్ల బోటు వెతికి పట్టుకున్నాను, అదీ సెకండ్ హ్యాండే. సరిపోవడం అంటే నా లెక్కలో వెనక పలకకి బిగించడానికి చోటుండటం! మా సరంగు బాబాయి అప్పుడే అన్నాడు: "ఏరా అబ్బాయ్, చెప్పులు కొనుక్కొచ్చి కాలు వెతుక్కుంటున్నావేంట్రా?" నవ్వి ఊరుకున్నాను.

అవుట్‌బోర్డు ఇంజను, అంటే బోటు వెనక బయట బిగించేది, కొనేవాళ్లు హెచ్‌పీ కంటే ముందు అడగాల్సింది షాఫ్టు పొడవు, అంటే నీళ్లలోకి దిగే ఇంజను కాలి పొడవు. 15 అంగుళాలది షార్టు, 20 అంగుళాలది లాంగు. బోటు వెనక పలకకి పై అంచు నుంచి కింద అడుగు దాకా, సరిగ్గా మధ్యలో టేపు పెట్టి కొలవాలి. ప్రొపెల్లరుకి కాస్త పైన రెక్కలాంటి పలక ఒకటి ఉంటుంది, అది బోటు అడుగుతో సమానంగానో, ఓ అంగుళం కిందకో రావాలి. మరీ పైకి ఉంటే ప్రొపెల్లరు గాలి పీల్చుకుని ఊరికే అరుస్తుంది, బోటు కదలదు. మరీ కిందికి ఉంటే నీళ్లని ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు తాగుతుంది, అన్నిటికంటే ముందు నేలకి తగులుతుంది. నా బోటు పలక 15 అంగుళాలు. ఇంజను షాఫ్టు 20. అంటే అడుగడుగునా మేటలున్న ఏట్లో, ఉండాల్సినదానికంటే అయిదు అంగుళాలు లోతుగా కాలు వేలాడేసుకుని తిరిగాను.

అదొక్కటే కాదు. ఆ ఇంజను వంద కిలోలకి దగ్గర. దాని పక్కనే ఇంజన్ని తిప్పే పిడి, టిల్లరు, పట్టుకుని సరంగు, ఆయన కాళ్ల దగ్గర 25 లీటర్ల ట్యాంకు. పధ్నాలుగు అడుగుల బోటుకి బరువంతా వెనకే. ముక్కు పైకి లేచి, వెనక కుంగి, పలకకీ నీటికీ మధ్య జానెడు కూడా మిగల్లేదు.

ముక్కనుమ సాయంత్రం. గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసి వెనక్కి వస్తున్నారు, సరంగుతో కలిపి ఏడుగురు. పాటు దిగుతోంది. ఇంజను కాలు మేటకి తగిలింది. బాబాయి ఠక్కున యాక్సిలరేటరు మూసేశాడు, ఎవరైనా అదే చేస్తారు. బోటు ఆగింది, బోటు వెనక వస్తున్న దాని సొంత అల ఆగలేదు. పలక మీదుగా ఒక్కసారిగా లోపలికి వచ్చేసింది. చీలమండల దాకా నీళ్లు. అందరికీ జాకెట్లున్నాయి, కింద మోకాలి లోతు ఇసుక, దిగి నిలబడ్డారు. ఎవరికీ గోరు కూడా విరగలేదు. వాళ్లు చుట్టాలకి తీసుకెళ్తున్న పూతరేకుల డబ్బా మాత్రం మూత ఊడి, చూస్తుండగానే నీళ్లలో కలిసిపోయింది. వాళ్ల చిన్నపాప దానికే ఏడ్చింది. డబ్బు తిరిగిచ్చాను, క్షమించమని అడిగాను, వాళ్లు పెద్దమనసుతో వెళ్లారు. నాకే నిద్ర పట్టలేదు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో గోదావరి మీద బతికే ఎవడూ మరిచిపోడు. ఆ మేట లేని చోట, ఇరవై అడుగుల లోతులో ఇదే జరిగి ఉంటే? ఆ రాత్రే బోటు ఆపేశాను.

ఈసారి ఇంజను మాట ఎత్తకుండా బోటు దగ్గర మొదలుపెట్టాను. కాకినాడ వైపు ఒక చిన్న వర్క్‌షాపులో కట్టించాం. 16 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రివిట్లు లేకుండా మొత్తం వెల్డింగు. రివిట్ల బోటు తేలిక, చవక, కానీ అలల కుదుపుకి రివిట్లు ఏళ్లు గడిచేకొద్దీ వదులై చెమ్మ కారుస్తాయి. రేకు 5083 రకం, అడుగున 3 మిల్లీమీటర్లు. మామూలు షాపుల్లో దొరికే అల్యూమినియం రేకు ఉప్పునీటికి పనికిరాదు, 5052, 5083 లాంటి మెరైన్ రకాలే నిలుస్తాయి. అడుగు పూర్తిగా చదునుగా ఉంటే మేటల మీద బాగుంటుంది, కానీ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలి లేస్తే ఒక్కో అలా చెంపదెబ్బలా తగులుతుంది. అందుకని ముందువైపు వి ఆకారం, వెనక్కి వచ్చేసరికి దాదాపు చదును. ఇంజను బిగించే పలక 20 అంగుళాలు పెట్టించాను. "లోతు తక్కువ ఏట్లో లాంగు షాఫ్టా?" అని అడిగారు కొందరు. పలకా షాఫ్టూ రెండూ 20 అయితే ప్రొపెల్లరు దిగే లోతు 15కి 15 పెట్టినప్పటిలాగే ఉంటుంది. పైన మాత్రం అయిదు అంగుళాల గోడ అదనంగా వస్తుంది. ఆ అయిదు అంగుళాల విలువ నాకు ముక్కనుమ నాడు తెలిసింది.

కట్టినాయన ఎనిమిది మంది హాయిగా పడతారన్నాడు. ఇరవై అడుగుల లోపు బోట్లకి అమెరికాలో ఓ మోటు లెక్క వాడతారు: పొడవు అడుగుల్ని వెడల్పు అడుగులతో గుణించి 15తో భాగించడం. 16 ఇంటూ 5 ఎనభై, పదిహేనుతో భాగిస్తే అయిదుకి కాస్త ఎక్కువ. సరంగుతో కలిపి అయిదుగురు. అక్కడి లెక్క ఇక్కడెందుకు అంటారేమో. మనవాళ్లు నలుగురు ఎక్కితే వాళ్లతోపాటు టిఫిన్ క్యారియరు, మంచినీళ్ల క్యాను, ఒళ్లో ఓ పిల్లాడు కూడా ఎక్కుతారు, అందుకని ఆ లెక్క ఇక్కడే ఇంకా అవసరం. ఒళ్లో పిల్లాడూ మనిషే, వాడికీ జాకెట్టు ఉంది, లెక్కలో వాడూ ఉన్నాడు. దయచేసి రేవులో ఈ విషయం మీద బాబాయితో బేరం పెట్టకండి. సీట్ల కింద ఫోము దిమ్మలు నింపించాం. ఒక ఘనపుటడుగు ఫోము సుమారు 27 కిలోల్ని తేలుస్తుంది. నీళ్లు నిండినా బోటు మునగదన్న భరోసా నాకు కావాలి.

ఆ తర్వాతే ఇంజను. నేను తిప్పేది గంటకి పది కిలోమీటర్ల లోపు. ఇంత పొట్టి బోటు నీటిని కోసుకుంటూ పోయే వేగం అంతే, దాన్ని దాటి నీటి మీదకి లేవాలంటేనే పెద్ద ఇంజను కావాలి. పక్షుల్ని, పొద్దుగూకడాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లకి లేవడం దేనికి? ఆ లెక్కన 10 హెచ్‌పీ చాలు. కానీ పాటు బలంగా లాగుతున్నప్పుడు, ఎదురుగాలి కూడా ఉన్నప్పుడు, 10తో నిలబడిన చోటే నిలబడాల్సి వస్తుంది. 20 హెచ్‌పీ తీసుకున్నాను, కొత్తది, 4 స్ట్రోక్. పాతదాని బరువులో సగం. పాతది పూర్తిగా తెరిస్తే గంటకి 15 లీటర్ల దాకా తాగేది, ఇది అందులో సగమే. నిదానంగా పోతే ఇంకా తక్కువ. 2 స్ట్రోక్ అయితే తేలిక, విప్పి బిగించడం మా కుర్రాళ్లకే వచ్చు, కానీ పెట్రోల్లో ఆయిలు కలిపిన ఆ పొగ వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మొహానికే కొడుతుంది.

ఏ కంపెనీ అని అడుగుతున్నారు. యమహా, సుజుకి, మెర్క్యురీ, తొహాత్సు, హోండా, ఏదైనా ఇంజను ఇంజనే. నేను చూసింది ఒక్కటే: ఫోన్ చేస్తే రెండు రోజుల్లో ఇంజన్ని చల్లబరిచే నీళ్ల పంపు ఇంపెల్లరు తెచ్చిచ్చే మనిషి ఎవరి దగ్గర ఉన్నాడో. మన ఏట్లో ఇసుక ఆ రబ్బరు రెక్కల్ని అరగదీసేస్తుంది, గుర్రపుడెక్క నీళ్లు పీల్చే రంధ్రాల్ని మూసేస్తుంది. ఇంజను పక్క నుంచి సన్నటి నీటిధార పడుతుంటుంది చూడండి, పాడైందేమోనని కిందటేడు ఒకాయన కంగారు పడ్డారు. అది పడుతున్నంతసేపే ఇంజను బాగున్నట్టు. ఆగితే మేమూ ఆగుతాం.

ఇంజనుతో వచ్చిన ప్రొపెల్లరు పిచ్ 11, అంటే లెక్క ప్రకారం ఒక్కో చుట్టుకి 11 అంగుళాలు ముందుకి తోస్తుంది. నిండు బరువుతో పూర్తిగా తెరిచి చూస్తే 4,700 ఆర్పీఎం దగ్గరే ఆయాసపడింది. ఈ ఇంజను 5,000కీ 6,000కీ మధ్య తిరగాలి. టాప్ గేరులో ఘాట్ ఎక్కినట్టన్నమాట. పిచ్ 9ది వేస్తే అయిదు వేలు దాటింది. చాలామంది ఇంజన్ని తిట్టుకుంటారు, తప్పు ప్రొపెల్లరుది.

ఇక మీరు నాకు చేయాల్సిన సాయం ఒకటుంది. పాత అల్యూమినియం బోటు అమ్మేముందు అడుగు చెక్కలు విప్పాం. ఒక పక్కన, రెండు పక్కటెముకల మధ్య చెమ్మలో, అయిదు రూపాయల బిళ్ల. గోదారమ్మకి వేయబోతే చెయ్యి జారి లోపల పడి ఉంటుంది. చుట్టూ ముగ్గుపిండి పోసినట్టు తెల్లటి పొడి. బిళ్ల తీసి, గుడ్డతో తుడిచి, గోటితో గీరితే రేకులో గుండుసూది దూరేంత బెజ్జం కనపడింది. అయిదు, పది రూపాయల బిళ్లల్లో రాగి కలుస్తుంది. ఉప్పునీటి తడిలో రాగీ అల్యూమినియమూ తాకాయంటే తినేసేది అల్యూమినియాన్నే. మొక్కు మొక్కుకోండి, బిళ్ల వేయండి, చెయ్యి మాత్రం బోటు బయటికి చాపి వేయండి. రాగి చెంబులు, ఇత్తడి హారతి పళ్లేలు బుట్టలోంచి తీసి అడుగున పెట్టకండి. ఇదే కారణంతో ఈ బోటు అడుగుకి రాగి ఉన్న రంగు వేయించలేదు, మన నీళ్లు సగం ఉప్పు సగం తీపి కాబట్టి బోటు బదులు తుప్పుకి బలయ్యేలా జింకు బదులు అల్యూమినియం దిమ్మలు బిగించాం.

కొత్త బోటులో లోపాలు లేవనను. ఫైబర్ కంటే చప్పుడెక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం సీటు పెనంలా కాలుతుంది, అందుకే పైన చాపలు పరిచాం, పదకొండు నుంచి మూడున్నర దాకా తిప్పం. నలుగురితో స్పీడుగా వెళ్లమంటే కాస్త ఆలోచిస్తుంది, కుర్రాళ్లకి నచ్చదు. బ్యాటరీ మోటారు ఎందుకు పెట్టలేదని అడిగారు. పాటుకి ఎదురెక్కి తిరిగి రావడానికి సరిపడా బ్యాటరీ ఈ ఏడాది నా వల్ల కాదు.

2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద ఉండాల్సిన సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కాగితాలు రేవు పాకలో తగిలించాం, ఎవరైనా చదవొచ్చు. సరంగు చేతికి ఎర్రటి మెలికల తాడు కట్టుకుంటాడు, ఆయన పడిపోతే అది ఊడి ఇంజను ఆగిపోతుంది. పిల్లలు లాగి చూడకుండా చెప్పండి. బోటు వేళలు ఇకమీదట గడియారాన్ని బట్టి కాదు, పోటుని బట్టి. ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే రేపటి వేళ చెప్తాం.

పాత 40 హెచ్‌పీ ఇంజను అమ్మకానికి ఉంది. బాగానే నడుస్తుంది, కింద కాలి అంచు మేటకి అరిగింది, అది చూసుకునే కొనండి. షాఫ్టు 20 అంగుళాలు. వచ్చేముందు మీ బోటు పలక కొలుచుకుని రండి.