యాక్సిలరేటర్ తొక్కినా లాగని బండి, కారణం కనుక్కోకుండా వేసిన బిల్లు

విశాఖపట్నం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పికప్ తగ్గిన కారుకు సరైన పరీక్ష చేయకుండా అనవసరమైన పనులు చేసి, చివరికి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) మార్చాలన్న మీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌పై ఫిర్యాదు.

నమస్కారం.

మీ కంపెనీ డీజిల్ కారు 2018లో కొన్నాను. ఇప్పటికి 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ప్రతి సర్వీసూ మీ సెంటర్లోనే చేయించాను, ఈ గొడవ మొదలయ్యేదాకా బయట ఒక్క నట్టు కూడా తిప్పించలేదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్ చేసినప్పుడల్లా మీవాళ్లు మొదట అడిగేది అదే.

రెండు నెలల కిందట అరకు వెళ్తున్నాం. ఎస్.కోట దాటేదాకా బండి బాగానే ఉంది. అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక థర్డ్ గేర్‌లో ఎంత తొక్కినా లాగలేదు. వెనక నల్ల పొగ, బానెట్ కింద పాము బుస కొట్టినట్టు చప్పుడు. మలుపులో వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటే సెకండ్ గేర్‌లోకి దింపి పక్కకు తీశాను. ఇంజిన్ లైటు వెలిగింది. వెనక సీట్లోంచి మా అమ్మ "దిగి నడుద్దామా నాన్నా" అంది. పది నిమిషాలు ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు మామూలే. నిలబెట్టి రేజ్ చేస్తే ఏ లోపమూ కనబడదు. బరువు పడితేనే చతికిలబడుతోంది.

మీ సర్వీస్ అడ్వైజర్‌కి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. జాబ్ కార్డులో ఆయన రాసింది రెండే మాటలు: "పికప్ తక్కువ". ఘాట్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. సగం రోగలక్షణాలు అక్కడే ఎగిరిపోయాయి.

మొదటిసారి ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చి, ఇంజిన్ కంప్యూటర్లో నమోదైన లోపం కోడ్ చెరిపేసి, 4,850 రూపాయలు తీసుకున్నారు. నాలుగో రోజు కొమ్మాది దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతే మళ్లీ అదే తంతు. రెండోసారి పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు శుభ్రం చేసి, ఇంజెక్టర్లకు మందు పోశామని చెప్పి 9,790 తీసుకున్నారు. వారం తిరక్కుండా మూడోసారి వెళ్లాను. అప్పుడు చేతిలో పెట్టింది టర్బో ఎస్టిమేట్, 68 వేలు. కారణం అడిగితే స్కానర్ కాగితం చూపించారు: పీ0299.

ఆ కోడ్‌కి అర్థం టర్బో పాడైందని కాదు. ఇంజిన్ అడిగినంత గాలి ఒత్తిడి అందడం లేదని, అంతే. టర్బో దగ్గర్నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా మానిఫోల్డు దాకా ఆ గాలి వెళ్లే దారిలో పైపులున్నాయి, క్లాంపులున్నాయి, సెన్సరుంది; ఇవి కాక టర్బోని నియంత్రించే వ్యాక్యూమ్ గొట్టాలున్నాయి. వీటిలో ఏది తేడా చేసినా అదే కోడ్ వస్తుంది. అన్నిటికంటే ఖరీదైనదాన్ని ముందు మార్చమనడం ఏ రకం రిపేరు? పైగా ఈ కోడ్ మొదటి రోజు కూడా వచ్చిందా అని అడిగాను. "క్లియర్ చేసేశాం సార్, రికార్డు లేదు" అన్నారు. రాసుకోకుండా చెరిపేయడం ఎక్కడి పద్ధతో నాకు అర్థం కాలేదు.

అప్పుడు వెళ్లాను గాజువాక ఆటోనగర్. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తకముందే స్కానర్ తగిలించి, నన్ను నడపమని పక్కన కూర్చున్నాడు. ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా తొక్కమన్నాడు. ఇంజిన్ అడుగుతున్న ఒత్తిడి 210 కిలోపాస్కల్స్ దగ్గరుంటే, వస్తున్నది 135 దాటలేదు. "గాలి ఎక్కడో పోతోంది సార్" అన్నాడు. తిరిగొచ్చి కింది కవరు విప్పి, ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోస్ అడుగున చెయ్యి పెట్టాడు. వేళ్లకు నల్లటి ఆయిల్ జిడ్డు అంటుకుంది. క్లాంపు పక్కన పైపుని నొక్కితే అంగుళమున్నర చీలిక చేప నోరులా తెరుచుకుంది, వదిలితే మూసుకుపోయింది. నిలబెట్టి చూస్తే ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది. టర్బోకి ముందే సెన్సరు కొలిచిన గాలి ఆ చీలికలోంచి బయటికి పోతుంటే, లెక్క ప్రకారం పడిన డీజిల్ పూర్తిగా కాలక పొగ అయింది. బుస కూడా అదే.

హోస్, క్లాంపు, కూలీ అన్నీ కలిపి 3,400. ఆ తర్వాత రెండుసార్లు అరకు వెళ్లొచ్చాను, ఘాట్ థర్డ్ గేర్‌లోనే ఎక్కింది.

న్యాయంగానే మాట్లాడతాను. ఫిల్టర్ల టైము ఎలాగూ వచ్చింది, ఆ 4,850 అడగను. ఈజీఆర్‌లో మసి ఉండే ఉంటుంది, ఈ వయసు డీజిల్ బండికి అది మామూలే. కానీ నేను మసి తీయించుకోవడానికి రాలేదు, బండి లాగడం లేదని వచ్చాను. మూడుసార్లలో ఒక్కసారైనా స్కానర్ తగిలించి రోడ్డు మీద తిప్పి చూడలేదు. బండి ఇచ్చినప్పుడూ తీసుకున్నప్పుడూ ఓడోమీటర్ రీడింగ్ ఎంతుందో మీ జాబ్ కార్డుల్లోనే ఉంది: రెండోసారి తేడా సున్నా.

కాబట్టి రెండో బిల్లు 9,790 వాపసు ఇవ్వండి. ఏ పరీక్ష చేసి టర్బో మార్చాలన్నారో రాతపూర్వకంగా చెప్పండి. పికప్ ఫిర్యాదుతో వచ్చే బండిని లోడ్ మీద నడిపి చూడకుండా పార్టులు విప్పొద్దని ఆ సెంటర్‌కి చెప్పండి. 68 వేలు కట్టేసే కస్టమర్లు కూడా ఉంటారు, టర్బోతో పాటు హోస్ కూడా మార్చి "చూశారా, తగ్గింది" అంటే వాళ్లకి తెలిసేదెలా?

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా కమిషన్‌కి వెళ్తాను. బిల్లులు, జాబ్ కార్డులు, స్కానర్ ఫోటోలు జతచేశాను. చీలిన హోస్ కవర్లో చుట్టి డిక్కీలో ఉంచాను. మీ ఇంజినీర్ ఎప్పుడొచ్చినా నొక్కి చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్