రాత్రి పది దాటాక వెళ్లి చూడండి ఆ ఇల్లు

ఎడిటర్ గారికి,

మీ రియల్ ఎస్టేట్ పేజీల్లో మెట్రో ఎంత దూరం, గజం ఎంత, స్విమ్మింగ్ పూల్ ఉందా లేదా ఇవే ఉంటాయి గానీ, ఆ ఇంట్లో రాత్రి పిల్లలు నిద్రపోగలరా అన్నది ఎవరూ రాయరు. హైదరాబాద్‌లో ఫ్యామిలీకి ప్రశాంతమైన ఏరియా ఏదంటే సైనిక్‌పురి, వెస్ట్ మారేడ్‌పల్లి అంటారు. నిజమే, చెట్లూ పాత కాలనీలూ బాగుంటాయి, అద్దెలే మనకు అందవు. నన్నడిగితే ఏరియా పేరు కన్నా వీధి ముఖ్యం. మా వీధి చివర ఫంక్షన్ హాల్ ఉంది, మూఢం వస్తే తప్ప మాకు నిద్ర లేదు! బరాత్ డీజేకి కిటికీ అద్దాలు అదురుతుంటే మా పాప చెవుల్లో దూది పెట్టుకుని పరీక్షలకు చదువుకుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరే మోగకూడదు. ఫిర్యాదు చేస్తే కాసేపు ఆపుతారు, మళ్లీ మామూలే.

ఇల్లు వెతికేవాళ్లు బ్రోకర్ చెప్పిన టైమ్‌కి కాకుండా మంచి ముహూర్తం ఉన్న రోజు రాత్రి పది దాటాక వెళ్లి గేటు ముందు పావుగంట నిలబడండి. కిరాణా కొట్టు ఆయన్ని, వాచ్‌మన్ భార్యని అడగండి, ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పించుకోవాలా, వానొస్తే నాలా పొంగుతుందా అన్నీ వాళ్లకు తెలుసు. అలాగే మీ విలేకరుల్ని ఓసారి సౌండ్ మీటర్ ఇచ్చి ఇలాంటి వీధులకు పంపండి, ఆ అంకెలు గజం రేటు పక్కనే వేయండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్