కుటుంబ బంధ పత్రం సంగతి తేల్చండి

తమిళనాడు సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి, చెన్నై తెలుగువాళ్లం కొందరం రాసుకుంటున్నది.

ప్రత్యేక వివాహ చట్టం కింద స్వలింగ జంటల పెళ్లి కుదరదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పేసింది. రివ్యూ పిటిషన్లూ 2025 జనవరిలో కొట్టేసింది. ఆ తలుపు తెరవడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాం.

కానీ ఇలాంటి జంటలకు కుటుంబ బంధ పత్రం, అంటే తామిద్దరం ఒక కుటుంబమని రాసుకునే ఒప్పంద పత్రం, రిజిస్టర్ చేసే ఏర్పాటు చూడమని మద్రాసు హైకోర్టు 2023 నవంబరులోనే సూచించింది. అది లేక జంటలు నోటరీ స్టాంపు కాగితాన్ని నమ్ముకుంటున్నారు. ఐసీయూ గుమ్మం దగ్గర దానికి విలువుండదు, రక్తసంబంధీకుల సంతకమే అడుగుతారు. బ్యాంకులో జాయింట్ ఖాతాకీ నామినీకీ అడ్డు లేదని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. అయినా నామినీ వారసుడైపోడు. ఇద్దరు సాక్షులతో వీలునామా రాయకపోతే సొమ్ము పుట్టింటివాళ్లకే.

పత్రం నమూనా ఖరారు చేసి ఆసుపత్రులకు సర్క్యులర్ పంపండి. ఇలా జంటగా ఇష్టపడి వెళ్లిన మేజర్ల వాంగ్మూలం తీసుకుని, ఇంట్లోవాళ్లు పెట్టిన మిస్సింగ్ ఫిర్యాదు మూసేయాలన్న 2021 హైకోర్టు ఆదేశాన్ని ప్రతి పోలీస్ స్టేషన్‌కూ మళ్లీ గుర్తుచేయించండి.