చచ్చిపడిన కాకిని పారేసి ఊరుకోవద్దు

సంపాదకులకు,

కాకుల బెడద ఎక్కువైందని, విషం పెట్టయినా వాటిని వదిలించుకోవాలని కొందరు రాస్తున్నారు. అవే కాకులు గుంపుగా చనిపోతే ఎందుకని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. నా ఆందోళన దాని గురించే.

1999 వేసవిలో న్యూయార్క్‌లో కాకులు వరసగా రాలిపోయాయి. అదే సమయంలో కొందరు మెదడువాపుతో ఆసుపత్రుల్లో చేరారు. అధికారులు మొదట దాన్ని సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే ఒక రకం మెదడువాపు జబ్బు అన్నారు. ఆ ఊళ్లోని బ్రాంక్స్ జూలో పనిచేసే పశువైద్య నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారాకు అది నమ్మబుద్ధి కాలేదు. ఆ జబ్బుతో పక్షులు చావవు కదా, మరి ఇవెందుకు చస్తున్నాయి? ఆమె పట్టుబట్టి నమూనాలు పరీక్షలకు పంపారు. చివరికి అది దోమల వల్ల వ్యాపించే వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. అమెరికా ఖండాల్లో అది బయటపడటం అదే మొదలు. ఆ ఏడాది అక్కడ ఏడుగురు చనిపోయారు. పక్షుల చావును ఒకరు, మనుషుల జబ్బును ఇంకొకరు విడివిడిగా చూడటంతో విలువైన రోజులు పోయాయి. తర్వాత అక్కడి ఆరోగ్య శాఖలు చచ్చిన కాకుల గురించి జనం దగ్గర సమాచారం తీసుకోవడం మొదలుపెట్టాయి. 2004లో జపాన్‌లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడూ చనిపోయిన కాకుల్లో ఆ వైరస్ దొరికింది.

కాకి మన మధ్యనే బతుకుతుంది. మనం పారేసింది, చచ్చిన ఎలుక, పురుగు, అన్నీ తింటుంది. అందుకే మన చుట్టూ ఏదైనా తేడా వస్తే దానికి ముందే తగులుతుంది. ఇంత తేలిగ్గా కంటబడే హెచ్చరిక ఇంకోటి లేదు.

కాకులతో నష్టం లేదని నేననను. 1890ల్లో చెత్త తింటాయని జాంజిబార్ దీవికి తెచ్చిన కాకులు తూర్పు ఆఫ్రికా తీరమంతా పాకి, చిన్న పక్షుల గూళ్లను దోచేస్తున్నాయి. అమెరికాలోని మొజావే ఎడారిలో రావెన్‌లు, అంటే పెద్ద బొంతకాకులు, తాబేలు పిల్లల్ని పొడిచి తింటున్నాయి. కానీ అక్కడ వాటి సంఖ్యను పెంచిందీ మనుషులు వదిలిన చెత్త, నీళ్లే. కుప్పలు అలాగే ఉంచి కాకుల్ని చంపితే, ఖాళీ అయిన చోటికి వేరేవి వస్తాయి. పైగా విషం కాకుల్ని మాత్రమే ఏరి చంపదు.

అధికారులు చెత్తను మూతలున్న డబ్బాల్లో పెట్టించాలి. ఒకేచోట కొన్ని కాకులు చచ్చి కనబడితే ఫోన్ చేయడానికి ఒక నంబరు ప్రకటించి, నమూనాలు ల్యాబ్‌కు పంపాలి. ఆ ఫలితం పశువైద్యులకూ, మనుషుల డాక్టర్లకూ ఒకే రోజు అందాలి. జనం కూడా చచ్చిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టుకోకుండా ముందు కబురు చెప్పాలి.

– ఒక పాఠకుడు