రాత్రి వార్డులో జూనియర్ డాక్టరు పక్కన సీనియర్ ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రభుత్వాసుపత్రిలో రోగి చనిపోతే మర్నాడు పేపర్లో 'వైద్యుల నిర్లక్ష్యం' అని వస్తుంది. బంధువులు గొడవకు దిగితే ఎదురుగా దొరికేది ఎవరు? ఎంబీబీఎస్ చివర్లో ఏడాది ఆసుపత్రి శిక్షణలో ఉన్న ఇరవై మూడేళ్ళ హౌస్ సర్జనో, ఆ పై చదువైన పీజీ మొదటి సంవత్సరం పిల్లో. ఆ వేళకు వాళ్ళ పైన ఏ సీనియర్ డ్యూటీలో ఉన్నారు, వాళ్ళు నిద్రపోయి ఎంతసేపైంది అని మాత్రం ఎవరూ అడగరు. ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన నేను మీ పత్రిక ద్వారా అది అడగదలిచాను.

మెడిసిన్, సర్జరీ లాంటి విభాగాల్లో ఒక్కో యూనిట్‌కు (డాక్టర్ల బృందానికి) కొత్త రోగులను చేర్చుకునే అడ్మిషన్ డే ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే ఓపీలో కూర్చున్న పీజీ రాత్రంతా క్యాజువాలిటీ నుంచి వచ్చే కేసులు చూసి, తెల్లారాక రౌండ్స్‌కు కేస్ షీట్లు సిద్ధం చేసి, మధ్యాహ్నం దాటాక గానీ హాస్టల్‌కు వెళ్ళలేడు. జూనియర్ రెసిడెంట్లకు, అంటే ఇలాంటి పీజీ డాక్టర్లకు, ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వద్దనీ, వారానికి మామూలుగా 48 గంటలు చాలనీ కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో ఏ అంకే వేయకుండా 'సహేతుకమైన పనిగంటలు' అని రాసి వదిలేసింది. మరుసటి ఏడాది ఆ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేసింది. 48 ఎక్కడ, 74 ఎక్కడ! కనీసం ఆ 74నైనా నిక్కచ్చిగా పాటిస్తే బాగుండునని కోరుకోవాల్సిన పరిస్థితి.

అయితే గంటల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. రాత్రి పదకొండు దాటాక చాలా వార్డుల్లో సీనియర్ అంటే ఫోన్ నంబరే. ఫోన్ చేయడానికి పిల్లలు జంకుతారు. 'ఇది కూడా తెలీదా' అని ఒకసారి అందరి ముందూ తిట్లు తిన్న పిల్ల రెండోసారి ఫోన్ తీయదు, తనకు తోచింది చేస్తుంది. తెల్లవారుజామున ఒక పీజీ ఇంజెక్షన్ మోతాదు పది రెట్లు ఎక్కువ రాస్తే నేను షీట్ పట్టుకెళ్ళి చూపించాను. చూసి ఆ అబ్బాయి చేతులు వణికాయి. తెలివిలేని పిల్లవాడు కాదు, ముందు రోజు పొద్దుటి నుంచి కూర్చోలేదు, అంతే. అడ్డుకోవడానికి ప్రతిసారీ ఒక నర్సు ఉంటుందన్న హామీ ఏముంది? మా నర్సుల మీదా రాత్రిపూట మంచాల భారం తక్కువేం కాదు.

పిలవకుండానే రాత్రి వార్డుకు వచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్లనూ చూశాను. మొదటిసారి వెన్ను నుంచి నీరు తీస్తున్న పీజీ పక్కన నిలబడి, సూది ఎక్కడ ఆపాలో చెప్పి, అయ్యాక టీ తాగమని పంపేవారు. అలాంటి యూనిట్లలో పిల్లలు ఆర్నెల్లకే ధైర్యంగా కేసు చూసేవారు. రోగికీ మేలు, వాళ్ళకూ చదువు. మరికొన్ని చోట్ల వార్డుబాయ్‌లు చాలక శాంపిల్స్ ల్యాబ్‌కు మోయడం, రిపోర్టుల కోసం తిరగడం, ట్రాలీ తోయడంతోనే హౌస్ సర్జన్ల ఏడాది గడిచిపోతుంది. ఏం నేర్చుకున్నట్టు?

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో హత్యకు గురైన డాక్టరమ్మ రాత్రి డ్యూటీ మధ్యలో సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటోంది. దేశమంతా సీసీ కెమెరాల గురించి మాట్లాడింది. లోపల గొళ్ళెం పడే డ్యూటీ రూమ్, పక్కనే బాత్రూమ్ మన ఆసుపత్రుల్లో ఎన్ని వార్డులకు ఉన్నాయో ముందు లెక్క తీయండి.

ఇక మనసు సంగతి. వేధింపులున్నాయనో, తట్టుకోలేకపోతున్నాననో పీజీ ఎవరికి చెప్పుకోవాలి? థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన గైడ్‌కే, విభాగాధిపతికే. చెప్పుకుంటారా? వాళ్ళ విభాగానికి సంబంధం లేని పెద్దమనిషి ఒకరు ప్రతి కాలేజీలో ఉండాలి, చెప్పింది బయటికి పొక్కకూడదు. ఈలోగా టెన్షన్ భరించలేని పిల్లలు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయడానికి సిగ్గుపడవద్దని కోరుతున్నాను. స్టైపెండ్ నెలనెలా పడాలన్నది వేరే చెప్పాలా? 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మెకు దిగితే వాళ్ళ డిమాండ్లలో అదీ ఒకటి.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ మొదట చేరిన పిల్లలు 2028లో హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి వస్తారు. ఈలోపే ప్రొఫెసర్ల ఖాళీలు నింపాలి. వైద్య విద్య సంచాలకులు ఒక్క ఉత్తర్వు ఇప్పుడే ఇవ్వవచ్చు: ప్రతి బోధనాసుపత్రి క్యాజువాలిటీ దగ్గర, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండే సీనియర్ డాక్టరు పేరు బోర్డు మీద రాయించాలి. పేరున్నవారు నిజంగా ఉన్నారో లేదో ఆసుపత్రి పాలన చూసే రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్ (ఆర్‌ఎంఓ) రాత్రిపూట వచ్చి చూడాలి.

— ఒక విశ్రాంత హెడ్ నర్సు, కృష్ణా జిల్లా