'తమదైన శైలి' ఏ శాస్త్రంలో ఉంది?

సంపాదకుడికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ ఆధ్యాత్మిక పేజీలో వచ్చిన 'దండనీతి' వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఎదురుచూశాను. మెచ్చుకుంటూ రెండు ఉత్తరాలు వచ్చాయి, అంతే. శ్లోకంలోని అచ్చుతప్పులను కూడా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

పోలీసులు నాలుగు తగిలిస్తే గాని దొంగ నిజం చెప్పడనీ, మన శాస్త్రాలు ఒప్పుకున్నదే ఇదనీ, మానవ హక్కులవాళ్లకు ధర్మం తెలియదనీ వ్యాసకర్త తేల్చేశారు. సాక్ష్యానికి కౌటిల్యుణ్ణి, గరుడపురాణాన్ని పిలిచారు గాని పూర్తిగా మాట్లాడనివ్వలేదు.

అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో పద్ధెనిమిది రకాల హింసలున్న మాట నిజమే. అదే అధ్యాయంలో మాండవ్య ఋషి ప్రస్తావనా ఉంది. దొంగ కాకపోయినా హింసకు భయపడి దొంగనేనని ఒప్పుకున్నాడట. అంటే కొట్టించమన్న కౌటిల్యుడికే దెబ్బలకు అబద్ధం కూడా బయటికి వస్తుందని తెలుసు. ఆ అధ్యాయం చివరనే ఏ నేరం చేసినా బ్రాహ్మణుణ్ణి మాత్రం హింసించరాదనీ, నుదుట ముద్ర వేయాలనీ ఉంది. దీన్నీ స్టేషన్లలో అమలు చేయమంటారా? నచ్చిన వాక్యం ప్రమాణం, నచ్చనిది 'ఆనాటి పరిస్థితి'! ఏరుకునేది మన వివేకమే అయినప్పుడు మంచిచెడ్డలు దాన్నే అడగవచ్చు కదా, మధ్యలో గ్రంథమెందుకు?

ఇక గరుడపురాణం చెప్పే కుంభీపాకం, అసిపత్రవనం లాంటి నరకాలు చచ్చినవాళ్లకు. అక్కడ చిత్రగుప్తుడి చిట్టా ఉంటుందని నమ్మకం. ఇక్కడ ఉండేది ఒక అనుమానం, పైనుంచి ఒక ఫోను. పైగా యముడి లెక్కే తప్పిందని భారతం చెబుతోంది. దొంగలు ఆశ్రమంలో సొత్తు దాచితే, మౌనవ్రతంలో ఉన్న ఇదే మాండవ్యుణ్ణి (ఇక్కడ కథ కాస్త వేరు) రాజు శూలం మీద కొరత వేయించాడు. నాకెందుకీ శిక్ష అని అడిగితే, చిన్నతనంలో పురుగులను గడ్డిపరకతో పొడిచావన్నాడు యముడు. అంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని ఋషి యముణ్ణే శపించాడు, ఆయన విదురుడై పుట్టాడు. యమధర్మరాజునే నిలదీయగా లేనిది ఎస్సైని నిలదీస్తే ధర్మద్రోహమా?

మనవాళ్లనే అంటున్నానని కోప్పడేవారికి ఒక మాట. మతద్రోహులను హింసించి ఒప్పించడానికి 1252లో అనుమతినిచ్చినవాడు పోపు నాలుగో ఇన్నోసెంట్. దేవుడి ఊసే అక్కరలేకుండా, శిస్తు కోసం రైతుల వేళ్లను కిట్టి కర్రల మధ్య నొక్కిన సంగతులు మద్రాసు ప్రభుత్వం వేసిన కమిషన్ 1855 నివేదికలో ఉన్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే.

మీ పత్రిక మాత్రం తక్కువ తిన్నదా? 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు' అని ఎంత ముచ్చటగా రాస్తారు! ఆ శైలి ఏమిటో మీ విలేకరికి తెలియదా? పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది, కొత్త చట్టంలో 23వది చెబుతోంది. అయినా మీరు మరునాడే ఫొటో వేసి 'దొంగ' అని శీర్షిక పెడతారు. ఆనక నిర్దోషి అని తేలితే లోపలి పేజీలో రెండు వాక్యాలు! ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. కావలసిన రోజు దృశ్యాలే దొరకవన్న వార్తలూ మీ పత్రికలోనే చదువుతుంటాం.

చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంపై 1997లో సంతకం పెట్టిన మన దేశం ఇంతవరకు దాన్ని ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాకా వెళ్లి చట్టం కాకుండానే పోయింది. 2017లో లా కమిషన్ 273వ నివేదికతో పాటు కొత్త ముసాయిదా ఇస్తే అదీ అటకెక్కింది. మా ఎంపీ గారు దీని గురించి సభలో నోరు విప్పినట్టు నేనెక్కడా చదవలేదు. ఆయన ఆలయ ప్రతిష్ఠలకు వెళ్లిన ఫొటోలు మాత్రం మీరు క్రమం తప్పకుండా వేస్తున్నారు, అవీ రంగుల్లో.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి