వెన్నుపాము గాయాలు: పరిశోధన పేరుతో సాగుతున్న అమ్మకం

సంపాదకుల వారికి,

నడుము కింద చచ్చుబడిన మనిషి ఉన్న ఇళ్లను వెతుక్కుంటూ ఈమధ్య మా ప్రకాశం జిల్లా పల్లెలకు కూడా స్టెమ్ సెల్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణం) చికిత్స ప్రకటనలు చేరుతున్నాయి. మా ప్రాంతంలో వెన్నుపాము దెబ్బతినేది రహదారి ప్రమాదాల వల్ల మాత్రమే కాదు. తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికులు, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పై వరుసలకు కర్రలు అందిస్తూ పట్టుతప్పిన కూలీలు, చీమకుర్తి క్వారీల్లో దెబ్బలు తిన్నవారు కూడా ఈ బాధితుల్లో ఉన్నారు. వీరిలో ఎక్కువమంది ఆ ఇంటికి అన్నం పెట్టే వయసులో ఉన్నవారే కనుక, లేచి నడుస్తాడని ఎవరైనా చెబితే పొలం అమ్మడానికి కూడా ఆ కుటుంబం వెనుకాడదు.

కొండపి ప్రాంతంలో నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే ఎకరం పొలం అమ్మి, ఒక పెద్ద నగరంలోని ప్రైవేటు కేంద్రంలో కొడుకుకు విడతలవారీగా ఇంజెక్షన్లు వేయించింది. వారు చూపించిన రసీదు మీద ‘పరిశోధనాత్మక చికిత్స’ అని స్పష్టంగా ముద్రించి ఉంది. పరిశోధన అయితే ఉండవలసిన రిజిస్ట్రేషన్ నంబరు గాని, రోగుల మేలు కోసం పరిశోధనలను ముందే పరిశీలించే నైతిక సంఘం అనుమతి గాని, రోగి సంతకం చేసిన అంగీకార పత్రం నకలు గాని ఆ కాగితాల్లో ఎక్కడా లేవు. ఆ అబ్బాయి ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు.

మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ (చికిత్సను మనుషులపై పరీక్షించే పరిశోధన) అయినా మొదటి రోగిని చేర్చుకోక ముందే భారత వైద్య పరిశోధన మండలి నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలన్న నిబంధన 2009 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. రక్తసంబంధ వ్యాధులకు చేసే కొన్ని మూలకణ మార్పిడులు తప్ప, మిగతా మూలకణ చికిత్సలేవీ అనుమతి పొందిన ట్రయల్‌కు వెలుపల చేయరాదని అదే మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధన కోసం చేసే ఖర్చును రోగి నుంచి వసూలు చేయకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. పరిశోధన అనగానే మనుషులను ఎలుకల్లా వాడుకుంటారని మనవాళ్లు భయపడతారు గాని, నిజమైన ట్రయల్‌లో చేరినవాడికి ఉన్న రక్షణ లక్షలు పోసి ఇంజెక్షన్ కొనుక్కున్నవాడికి లేదు.

ఆ ఇంజెక్షన్లతో కాళ్లు కదిలాయని చెప్పే వీడియోల సంగతి కూడా చెప్పాలి. వెన్నుపాము పూర్తిగా తెగకుండా కొంత మిగిలిన వారిలో చాలామందికి, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, స్పర్శా కదలికా కొంత వాటంతటవే తిరిగి వస్తాయి. ఆ వ్యవధిలో ఏ మందు ఇచ్చినా పేరు ఆ మందుకే దక్కుతుంది. అందుకే చికిత్స తీసుకున్నవారిని, తీసుకోనివారిని పక్కపక్కన పెట్టి పోల్చనిదే ఏమీ తేల్చలేం.

అంతటి జాగ్రత్త ఎందుకో తలకు తగిలే గాయాల చరిత్రే చెబుతుంది. మెదడు వాపు తగ్గుతుందన్న నమ్మకంతో దశాబ్దాల పాటు వైద్యులు స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆలోచన సబబుగానే తోచేది. 49 దేశాల్లో పది వేల మందికి పైగా రోగులతో జరిగిన క్రాష్ ట్రయల్ ఫలితాలు 2004లో వెలువడినప్పుడు, రెండు వారాల్లో చనిపోయినవారు స్టెరాయిడ్ పొందిన వర్గంలో 21.1 శాతం, పొందని వర్గంలో 17.9 శాతం ఉన్నారని తేలింది. ఇస్తే పోయేదేముంది అనుకున్న మందు ప్రాణాలు తీస్తోందని ఆ పోలికే బయటపెట్టింది. మూలకణాలకూ ఇదే వర్తిస్తుంది. మూలకణాలు ఉండే ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో నాటించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అదే చోట గడ్డ పెరిగినట్టు 2014లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది.

ఇంతకూ రుజువైన మేలు ఏదీ లేదా అంటే ఉంది, అయితే దానికి ప్రకటనలు ఉండవు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడక పుండ్లు రాకుండా చూడటం, మూత్రాన్ని శుభ్రమైన గొట్టంతో వేళకు తీసి మూత్రపిండాలను కాపాడటం, చక్రాల కుర్చీలోకి తనంతట తాను మారడం నేర్పడం, వీటితోనే వెన్నుపాము దెబ్బతిన్నవారు ఏళ్ల తరబడి బతికి పనులు చేసుకుంటున్నారు. 1954లో ప్రమాదం వల్ల తన కాళ్లే చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1966లో మొదలైన పునరావాస కేంద్రం చేస్తున్నది ఈ పనే. నెల్లూరు జిల్లా వారికి వేలూరు కొత్తేమీ కాదు గాని, కనిగిరి నుంచో గిద్దలూరు నుంచో పక్షవాత రోగిని అంతదూరం మోసుకుపోవడం కూలి కుటుంబానికి అయ్యే పని కాదు.

కాబట్టి ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో వెన్నుపాము రోగులకు, వారిని చూసుకునే ఇంటివారికి ఈ పనులు నేర్పే పడకలు కొన్నయినా ప్రత్యేకంగా కేటాయించాలని కోరుతున్నాను. ఎవరైనా ట్రయల్ అంటూ వస్తే దాని నంబరు సరిచూసి చెప్పే బాధ్యతను అక్కడి వైద్యుల్లో ఒకరికి అప్పగించాలి. రిజిస్ట్రీ అందరికీ ఉచితంగా తెరిచే ఉంటుంది కనుక దీనికి ఖర్చు కూడా ఉండదు. పక్షవాతం నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తోంది కాబట్టి, జిల్లా ఔషధ నియంత్రణ అధికారులు ఈ కరపత్రాలపై చర్య తీసుకోవచ్చు. మీ పత్రిక కూడా ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు లేని ఇటువంటి ప్రకటనలను స్వీకరించబోమని బహిరంగంగా చెబితే బాగుంటుంది.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు